తిప్పక్క తన పేరు రాయించుకున్న రోజు

కిందటి నెల హిందూపురంలో ఒక డిగ్రీ కళాశాల వాళ్లు నన్ను పిలిచి, బానిసత్వాన్ని రూపుమాపడానికి పోరాడినవాళ్ల గురించి పిల్లలకు ఒక గంట చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకది కష్టమైన పని కాదు. ఓడల అడుగున మనుషుల్ని గొలుసులతో కట్టి తెచ్చిన కాలం గురించి చెప్పాను. పత్తి చేలల్లోంచి పారిపోయి వచ్చి, తాము పడిందంతా సభల్లో నిలబడి చెప్పిన ఆడవాళ్ల గురించి, మగవాళ్ల గురించి చెప్పాను. వాళ్లకున్న బలమల్లా వాళ్ల మాటే అని కూడా అన్నాను. పిల్లలు శ్రద్ధగా విన్నారు. చివర్లో మడకశిర వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "మేడం, మన పక్క అట్లాంటోళ్లు ఎవురూ లేరా?" అని అడిగింది. ఉన్నారు, ఇంకోసారి చెప్తానని తప్పించుకుని ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. చెప్పాలంటే తిప్పక్క గురించి చెప్పాలి. తిప్పక్క గురించి చెప్పాలంటే నా గురించీ చెప్పాలి. తిప్పక్క పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడైనా రాసి పెడితే ఆ అమ్మాయికి చూపించవచ్చు.

మాది పెనుకొండకు దగ్గర్లో ఒక మెట్ట ఊరు. ఊళ్లో భూమి ఉన్న నాలుగైదు ఇళ్లలో మాదొకటి. వాన పడిన ఏడు శెనక్కాయ కల్లంలో కుప్పలు పడేది, పడని ఏడు మేమూ సంగటితో, పచ్చిమిరపకాయ ఊరుబిండి పచ్చడితో సరిపెట్టుకునేవాళ్లం. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, నేను. నా చిన్నతనమంతా తలచుకుంటే ముందుగా చెవిలో పడేది కొట్టంలో చీపురు చప్పుడు. ఇంకా చీకటి ఉండగానే ఆ చప్పుడు మొదలయ్యేది. దాని వెనకాలే పేడనీళ్ల వాసన, ఆ తర్వాత నీళ్లకాగు కింద శెనక్కాయ పొట్టు కాలే పొగ, చివరికి సంగటి ఉడికే కమ్మదనం. నేను కళ్లు నులుముకుంటూ వసారాలోకి వచ్చేసరికి పశువుల కొట్టం అద్దంలా ఉండేది, తొట్టిలో నీళ్లు నిండుగా ఉండేవి, వాకిట్లో కళ్లాపి ఆరుతూ ఉండేది. ఇదంతా దానంతటదే జరిగిపోతుందన్నట్టు పెరిగాను. తిప్పక్క మా ఇంటికి ఎన్ని గంటలకు వస్తుందో నాకు పదిహేడేళ్లు వచ్చేదాకా తెలియదు.

అవ్వ మాత్రం తిప్పక్క వచ్చిన కాసేపటికే లేచేది. మొహం కడుక్కుని, వక్కాకు నోట్లో వేసుకుని, వసారా స్తంభానికి ఆనుకుని కూర్చునేది. అక్కడి నుంచి గేదెల్ని, దూడల్ని, తిప్పక్కను ఒక్క చూపులో చూసుకునేది. పని ముగిశాక తిప్పక్క కొట్టం గోడ గూట్లో తన కోసం పెట్టి ఉంచిన సత్తు గిన్నె తెచ్చుకుని దూరంగా నిలబడేది. అవ్వ అందులో నిన్నటి సంగటి వేసి, పైనుంచి మజ్జిగ పోసేది. గిన్నె తగలకుండా పోయడంలో అవ్వ చేయి ఎంత నేర్పరిదో నేను చిన్నప్పుడు మురిసి చూసేదాన్ని. అది నేర్పు కాదని తర్వాత తెలిసింది.

తిప్పక్క వాళ్లది ఊరి బయటి గేరి, మా వైపు వాడను అట్లా అంటారు. ఆమె మొగుడు హనుమన్న మా ఇంట్లో జీతగాడు. జీతగాడంటే జీతం తీసుకునేవాడు అనుకుంటారు ఇప్పటి పిల్లలు. మా వైపు ఆ మాటకు అర్థం వేరు. హనుమన్న నాయన ఎప్పుడో ఏదో పెళ్లికి మా తాత దగ్గర గింజలు, కొంత డబ్బు తీసుకుని కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆయన పోయాక ఆ వేలిముద్ర కొడుకు వేశాడు. ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, వాళ్లింట్లో అసలే తెలియదు. హనుమన్న మడక దున్నేవాడు, బండి తోలేవాడు. పంటకు కొన్ని గింజలు, ఏడాదికి ఒక పంచె. తిప్పక్క పేరు ఏ కాగితం మీదా లేదు. జీతగాడి పెళ్లాం కాబట్టి కొట్టం పని ఆమెదే అని అందరూ అనుకున్నారు, అంతే. నాయన వాళ్లను ఏనాడూ కొట్టలేదు, నోరు జారలేదు. జ్వరమొస్తే పెనుకొండ ఆస్పత్రికి మా బండిలోనే పంపేవాడు. మేం మంచివాళ్లమని మాకు గట్టి నమ్మకం.

మా ఊరికి చిన్నప్పయ్య అనే ఆయన గాజులు, దువ్వెనలు, పిన్నీసులు అమ్ముకుంటూ వచ్చేవాడు. బుక్కపట్నం దగ్గర ఒక రైతు ఇంట్లో సగం వయసు జీతానికి పోగొట్టుకుని బయటపడినవాడు. వెట్టిచాకిరి రద్దయిందని, చట్టం వచ్చి కొన్నేళ్లయిందని, ఊరూరా తిరిగి చెప్పడమే ఆయన అసలు పని. గాజులు ఊళ్లోకి రావడానికి ఒక సాకు మాత్రమే. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న రోజుల్లో ఒకనాడు మా వాకిట్లో బుట్ట దింపి, అమ్మ గాజులు ఏరుకుంటుంటే, మడతలు పడిన ఒక కాగితం తీసి నా చేతికిచ్చి చదవమన్నాడు. చట్టంలోని ముఖ్యమైన మాటలు తెలుగులో అచ్చేసిన కాగితం అది. నేను చదువుతుంటే ఆయన పెదవులు నాకంటే ముందు కదులుతున్నాయి. ఒకచోట నేను ఒక మాట మింగేస్తే ఆయన అందించాడు. చదువు వచ్చా అని అడిగాను.

"రాదు పాపా. చదువుకున్నోళ్లతో చదివించుకుని నోటికెక్కించుకున్యా. ఒక్క మాట తప్పు చెప్పినా నన్ను అబద్ధాలోడంటారు. అందుకే ఊరూరా ఎవురితోనన్నా చదివించి సరిచూసుకుంటాండా."

ఆ కాగితం నన్నే ఉంచుకోమని ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున నేను జీవితంలో మొదటిసారి చీపురు చప్పుడు కంటే ముందు లేచి కొట్టంలోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, చదివిన పిల్లకు చదివింది ఎవరికైనా చెప్పాలన్న తొందర. అంతకు మించి ఆలోచించలేదు. తిప్పక్క గంప పక్కన పెట్టి, చేతులకు పేడతోనే గొంతుక్కూర్చుని వింది. అప్పు రద్దయిందని, దాని పేరు చెప్పి ఎవరితోనూ పని చేయించుకోకూడదని ఉన్న చోట ఆపి, ఆ మాట ఇంకోసారి చదవమంది. చదివాను. ఇందులో ఆడవాళ్ల పేరు ఉందా అని అడిగింది. కాగితం వెతికి, ఎవరైనా అని ఉందని చెప్పాను.

"ఎవురైనా అంటే నేనూనా?"

నువ్వు కూడా అన్నాను. ఆమె లేచి మిగిలిన పేడ ఎత్తేసింది. నేను మంచి పని చేశానన్న సంబరంతో పోయి మళ్లీ పడుకున్నాను.

రెండు నెలలు గడిచాక తహశీల్దారు మా ఊరికి విచారణకు వస్తున్నాడని తెలిసింది. చిన్నప్పయ్య పెనుకొండలో అర్జీ పెట్టించాడు. మా ఊళ్లో జీతగాళ్లు తొమ్మిది మంది. ముందురోజు భూమి ఉన్నవాళ్లంతా మా వసారాలో కూర్చుని, వాళ్లను పిలిపించి, ఏం చెప్పాలో నేర్పారు. గట్టిగా ఎవరూ బెదిరించలేదు. బెదిరించాల్సిన అవసరమూ లేదు, వాళ్లు కాపురముండే గుడిసెల కింది నేల కూడా ఆ వసారాలో కూర్చున్నవాళ్లదే. నాయన ఎక్కువ మాట్లాడలేదు గానీ లేచి వెళ్లిపోనూ లేదు.

విచారణ బడి వరండాలో జరిగింది. తహశీల్దారు బల్ల వేసుకుని కూర్చున్నాడు, పక్కన గుమాస్తా. ఊరంతా చేరింది. నేను అవ్వ చేయి పట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. తొమ్మిది మందిని పేరు పేరునా పిలిచారు. తొమ్మిది మందీ ఒకటే పాఠం అప్పజెప్పారు: మా సామి మమ్మల్ని బిడ్డల్లెక్క చూసుకుంటాండాడు, ఇష్టంతోనే పని చేస్తాండాము. హనుమన్న కూడా నేల చూస్తూ అదే అన్నాడు. చిన్నప్పయ్య దూరంగా చింతచెట్టు కింద తన బుట్ట మీద చేయి వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడలేకపోయాను. గుమాస్తా కాగితాలు మడుస్తుండగా ఆడవాళ్ల గుంపులోంచి తిప్పక్క నడుచుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడింది. కొట్టంలో నాతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"సామీ, మీరు మొగోళ్లనే పిలిచినారు. నా మొగుడు ఏలుముద్ర ఏసినాడని ఆయప్ప పేరు రాసుకున్యారు. నేను యాడా ఏలుముద్ర ఏసిండ్లేదు. అయినా పెండ్లయి వచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ప్యాడ ఎత్తుతాండా, కసువు ఊడుస్తాండా, నీళ్లు మోస్తాండా. బిడ్డను కన్న తొమ్మిదో దినం కూడా పోయినా. ఆ సామి మంచోడే, నన్ను కొట్టిండ్లేదు, తిట్టిండ్లేదు. అది వేరే మాట. నాకు కూలి ఇచ్చిండ్లేదు. నా పేరు కూడా రాయల్ల."

తహశీల్దారు కళ్లజోడు తీసి తుడుచుకుని, దీనికి రుజువేమిటని అడిగాడు. రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది? ఎవరైనా సాక్షి ఉన్నారా అన్నాడు. గుమాస్తా నా వైపు చూపించి ఈ పిల్ల ఆ ఇంటి బిడ్డే, చదువుకుంటోంది అని చెప్పాడు. తహశీల్దారు మర్యాదగానే అడిగాడు, ఆమె మీ ఇంట్లో కూలి లేకుండా పని చేస్తోందా అమ్మా, నీకు తెలిసింది చెప్పు అని. తిప్పక్క నా వైపు తిరిగింది. ఆ కళ్లలో నా మీద ఎంత నమ్మకం ఉందో ఈనాటికీ మర్చిపోలేదు. నేను నాయన వైపు చూశాను. ఆయన కోపంగా ఉండి ఉంటే బహుశా చెప్పేదాన్నేమో. ఆయన భయపడుతున్నాడు. నాయన భయపడగా నేనెప్పుడూ చూడలేదు.

"నాకు తెలీదు సార్" అన్నాను.

తిప్పక్క మొహం తిప్పేసుకుంది. గుమాస్తా కలం మూత పెట్టబోయాడు. అప్పుడు అవ్వ నా చేయి విడిపించుకుని, కర్ర ఆనించుకుంటూ రెండడుగులు ముందుకు వేసింది.

"దాన్నేల అడుగుతావు నాయనా, నన్నడుగు. ఇంట్లో పెద్దదాన్ని నేను. ఈ యమ్మి కొత్త కోకతోనే మా కొట్టంలోకి వచ్చె. ఇరవై ఏండ్లాయ. ఒక్క దినమన్నా నా చేత్తో కూలి ఇచ్చిండ్లేదు, నా కొడుకూ ఇచ్చిండ్లేదు. రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు. తిప్పక్క పేరు, మొగుడి పేరు, గేరి పేరు, చేసే పని. ఆమె బల్ల మీదికి వంగి, చదవడం రాకపోయినా, కలం కదిలినంతసేపూ ఆ కాగితం చూస్తూనే ఉంది. ఆ తర్వాత హనుమన్న తల ఎత్తి, తాను ముందు చెప్పింది కొట్టేయమన్నాడు. అతని వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల మరొకరు. పొద్దు వాలేసరికి తొమ్మిది మందిలో ఆరుగురు మాట మార్చుకున్నారు. వాళ్ల పెళ్లాల పేర్లు కూడా రాయమని తిప్పక్క పట్టుబట్టి రాయించింది.

ఇంటికి వచ్చాక నాయన చేను వైపు వెళ్లిపోయాడు. అవ్వ వసారాలో కూర్చుని వక్కాకు నములుతూ, నువ్వేల తెలీదన్నావే అని నన్నడిగింది. నాయన చూస్తున్నాడు అవ్వా అన్నాను.

"నన్నూ చూస్తానే ఉండె గదా" అంది అవ్వ. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మర్నాడు మా ఇంట్లో చీపురు చప్పుడు లేదు. ఎండ ఎక్కేదాకా గేదెలు తాళ్లు గుంజుకుంటూ అరుస్తూనే ఉన్నాయి. అమ్మ గంప పట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడిపోయింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. అవ్వ కొంగు దోపుకుని లోపలికి వెళ్లబోయింది గానీ నడుము వంగలేదు. నేను ఎత్తిన మొదటి గంప దిబ్బ చేరకముందే ఒంటి మీద ఒలికింది. ఇదంతా చూసి చూసి నాయన చొక్కా విప్పి వసారా కొయ్యకు తగిలించి, మా చేతుల్లోంచి గంప తీసుకున్నాడు. అలవాటు లేని చేతులు. ఏడు గేదెలు, నాలుగు ఎద్దులు ఉన్న కొట్టం శుభ్రం చేసేసరికి మధ్యాహ్నమైంది. బయటికి వచ్చి తొట్టి గట్టు మీద కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. అవ్వతో ఆరు నెలలు మాట్లాడలేదు, అయినా ఆమె తినందే తాను తినేవాడు కాదు. గేదెలు మూడు అమ్మేశాడు. ఆ తర్వాత కూలికి ఎవరు వచ్చినా పొద్దు గుంకకముందే దుడ్లు వాళ్ల చేతిలో పెట్టేవాడు. ఆ రోజు గురించి మాత్రం పోయేదాకా ఎత్తలేదు. ఆయనను నేను ఆ కాలంలోనే పూర్తిగా క్షమించాను. నన్ను క్షమించుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

విడుదల కాగితాలు వచ్చాక తిప్పక్క, హనుమన్న ధర్మవరం వెళ్లిపోయారు. అక్కడ పట్టు మగ్గాల దగ్గర ఆమెకు పట్టు పోగులు కండెలకు చుట్టే పని దొరికింది. ఆ పని మధ్యలో వారానికి ఒకటి రెండు రోజులు చిన్నప్పయ్యతో కలిసి ఊళ్లు తిరిగేదని, ఆయన పోయాక ఒక్కతే తిరుగుతోందని వినేదాన్ని. వెళ్లి కలవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నలభై దాటాక గానీ కాళ్లు రాలేదు. ధర్మవరంలో ఒక సన్నటి సందు, రెండు పక్కలా మగ్గాల చప్పుడు, రంగు నీళ్ల వాసన. ఆమె గుమ్మంలో కూర్చుని కండె చుడుతోంది. నన్ను గుర్తుపట్టి, లోపలికి పిలిచి, ఒకే ఒక్క కుర్చీ నాకు వేసి, స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. నేనా కుర్చీ వదిలి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను తిప్పక్కా అన్నాను.

ఆమె చేతిలో పోగు ఆపలేదు. "తెల్సు పాపా. బాధ పడినా, లేదని ఏల చెప్పల్ల. ముందు నిన్నే సూసినా గదా. అయితే ఆ కాగితం చదివింది కూడా నువ్వే. రెండూ గుర్తుండాయి నాకు." చుట్టిన కండె పక్కన పెట్టి, వచ్చే ఆదివారం అగళి పక్క ఒక ఊరికి పోవాలి, నువ్వూ రా అంది. ఎందుకని అడిగితే, నేను చెప్తే వాళ్లు వింటారు గానీ నమ్మరు, పని చేయించుకున్న ఇంటి బిడ్డ చెప్తే నమ్ముతారు అంది.

ఆ ఆదివారం హిందూపురంలో ఇద్దరం కలిసి బస్సెక్కాం. ఆ దారిలో నేను ఇప్పటికీ అప్పుడప్పుడు వెళ్తుంటాను. ఇప్పుడు మా వైపు కొట్టాల్లో గేదెలు తక్కువ, ఉన్నచోట మనుషులు తమవి తామే చూసుకుంటున్నారు. గేరి ఆడపిల్లలు కుట్టు ఫ్యాక్టరీ బస్సుల్లో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లు చూసుకుంటూ పోతున్నారు. మా నాయన కాలంతో పోలిస్తే ఎంత దూరం వచ్చామో అని కళ్లు చెమరుస్తాయి. మళ్లీ అదే హిందూపురం బస్టాండులో, అడ్వాన్సు తీసుకుని పిల్లాజెల్లాతో ఇటుక బట్టీలకు పోయే కుటుంబాలు మూటల మీద కూర్చుని ఉంటాయి. ఆ పని ఎప్పుడు ముగుస్తుందని అడిగితే, చాలామందికి తెలియదు. ఇప్పుడు వేలిముద్రలు లేవు, సంతకాలే చేస్తున్నారు. తిప్పక్క ఉండి ఉంటే ఆ మూటల పక్కనే కూర్చుని మాట కలిపేది. నేను కొన్నిసార్లు కూర్చుంటాను, కొన్నిసార్లు బస్సు వచ్చిందని వెళ్లిపోతాను.

ఆ ఆదివారం మేం వెళ్లిన అగళి దగ్గరి ఊళ్లో, ఒక రైతు పట్టుపురుగుల షెడ్డు వెనకాల రేకుల గదిలో, అతని అప్పు కింద పని చేస్తూ మొగుడూ పెళ్లాలు ఉన్నారు. మొగుడు మాతో మాట్లాడటానికి భయపడి మల్బరీ తోటలోకి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం గుమ్మంలో కూర్చుని పురుగులకు ఆకు తరుగుతూ వింది. నాకంటే చిన్నది. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేది. నేను మా కొట్టం గురించి, సత్తు గిన్నె గురించి, పెనుకొండలో పెట్టిన అర్జీ గురించి, బడి వరండాలో నాకు తెలీదని చెప్పడం గురించి ఏదీ దాచకుండా చెప్పాను. అంతమంది విద్యార్థులకు అన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క మనిషి ముందు మాట కోసం తడుముకున్నాను. అంతా విని, ఆమె నన్నేమీ అడగలేదు. తిప్పక్క వైపు తిరిగి, పేరు రాసుకుని వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు పొద్దున నువ్వేం చేసినావక్కా అని అడిగింది. ఇన్నేళ్లలో నాకు తోచని ప్రశ్న అది.

"అలవాటు కదా, చీకటితోనే మెలకువాయ. లేచి కోక సర్దుకుని బయటికొచ్చినా. కాళ్లు కొట్టం దావ పట్టినాయి. వాటిని నిలబెట్టేకి శానా కష్టమాయ పాపా. గుడిసె ముందర బండ మీద కూర్చుంటి. అట్లే సూస్తా ఉంటి, కొండ మీద ఎర్రగా అయి, ఎలుతురొచ్చె. దినామూ తెల్లారతాదని తెల్సు గానీ, కూర్చుని సూసింది మాత్రం ఆ పొద్దే."

ఆ ఇల్లాలు చేతిలోని ఆకుల మోపు పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, పెనుకొండకు పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకని అడిగింది.